అటకమీది జర్మను రివాల్వరు

ఖమ్మము, భద్రాచలము సీమల నడిమి యడవులు 1947 నాటికి రెండు పాలనలకు సరిహద్దు: ఈవల నైజాము రాజ్యము, ఆవల మదరాసు రాజధాని. 1946 నుండి 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమున నిచ్చట దళములు సంచరించినవి. అట్టి సీమలో పాత యింటి యటకమీద రివాల్వరు కనబడినచో, వెల యెంతయని యడుగుటకు ముందు ప్రాణములను దలపవలెను.

అందు తూటా యున్నదనియే యెంచి, చేయి తగిలింపక, పిల్లలను దూరముంచి పోలీసు ఠాణాకుఁ దెలుపవలెను. 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేక తుపాకి నుంచుకొనరాదు. బాగుచేసినను పేలని పురాతన వస్తువునకు మినహాయింపు కలదు. కాని యది మనకు మనమే నిర్ణయించుకొనునది కాదు.

ఇనుముపైని ముద్రలే దాని జాతకము. కిరీటము క్రింద నక్షరమున్నచో నది 1891 నాటి జర్మను పరీక్షాశాసనపు ముద్ర కావచ్చును. గ్రద్ద క్రింద ‘ఎన్’ అక్షరమున్నచో 1939 నాటి శాసనమునకుఁ దరువాతిది. 1879, 1883 నమూనాల సైనిక రివాల్వర్లు రెండును సుమారు 10.6 మిల్లీమీటర్ల కొలతవి. మొదటిదాని గొట్టము పొడవు, రెండవదానిది పొట్టి. తూటాల యఱలు గుండ్రముగాఁ దిరుగనిచో నది రివాల్వరు కాదు, పిస్తోలు.

విలువ నిర్ణయించునవి చెరగని ముద్రలు, అన్ని భాగములపై నొకటే సంఖ్య, తొలినాటి మెఱుగు. చింతపండుతోఁ దోమిన యిత్తడి చెంబు మెఱయును. తోమిన రివాల్వరు మాత్రము వయస్సును, వెలను గూడఁ గోల్పోవును.