మీకు తెలుసా? సైకిలు నేర్పాలంటే ముందు పెడళ్లు విప్పాలి

1817లో జర్మనీలో కార్ల్ వాన్ డ్రయిస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు. ఎక్కి కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే! పెడళ్లు వచ్చింది 1860ల్లో. వేసవి సెలవుల్లో పిల్లలకు సైకిలు నేర్పడానికీ ఇదే వరస బాగుంటుంది. ముందు నిలదొక్కుకోవడం, తొక్కడం తర్వాత.

పెడళ్లు విప్పి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. (ఎడమ పెడల్‌కు మర ఉల్టా. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక బలమంతా పెట్టి ఇంకా బిగించేశాన్నేను.) కాస్త వాలుగా ఉన్న ఖాళీ స్థలంలో వదిలితే పిల్లలు మొదట నడుస్తారు, తర్వాత అంగలు వేస్తారు. ఓ సాయంత్రం రెండు కాళ్లూ పైకెత్తి జర్రున జారిపోతారు.

అసలు కిటుకు ఒక్కటే: సైకిలు ఎటు ఒరిగితే హ్యాండిల్ అటే తిప్పాలి. పక్క చక్రాలు బిగిస్తే బండి ఒరగనే ఒరగదు, ఇక కిటుకు ఎలా పట్టుబడుతుంది? సీటు వెనక పట్టుకుని ఆయాసపడుతూ పరుగెత్తే నాన్నతోనూ అదే చిక్కు. బ్యాలెన్స్ ఆయనదే, పిల్లాడిది కాదు. గంట లెక్కన అద్దె సైకిలు తెచ్చుకుని, ఫ్రేము త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కిన తరానికి ఆ సాయం కూడా లేదు, మోకాళ్లే సాక్ష్యం.

జారడం వచ్చాక బ్రేకు నేర్పండి. ఆ తర్వాతే పెడళ్లు. ఇదంతా ఎండ ముదరక ముందు, లేదా పొద్దు వాలాక.