పెద్దవయసున పరభాష: పుస్తకమా, సహవాసమా?

గుంటూరు సీమలోని మన ప్రత్తిపాడునుండి మిరపబస్తాలు గుంటూరు యార్డునకు తోలుకొనిపోవు రైతులకు బాగుగా తెలిసిన మనిషి యొకడు కలడు. ఉత్తరదేశపు వర్తకుని పక్షమున సరకు చూచుటకు వచ్చిన గుమాస్తా యతడు. మొదటి యేడు తలయూపులతోను వ్రేళ్ళలెక్కతోను పని గడపును. రెండవ యేటికి "తాలు ఎక్కువ, తేమ ఎక్కువ" అని రైతుతో తెలుగుననే పోట్లాడును. మూడవ యేట టీకొట్టువద్ద హాస్యములు కూడ సాగించును. అతనికి గురువు లేడు, పుస్తకము లేదు. కాని "మేము వచ్చాడు" అనుట మాత్రము ఎన్నటికిని మానడు. చేతిలోని కాటా చీటీమీది తెలుగు అక్షరములు అతనికి నేటికిని వట్టి సున్నలే.

ఇక రెండవ రకము మనిషి. నడివయసున హిందీ పుస్తకములు కొని, రాత్రులు మేల్కొని వల్లించి, వరుసగా మూడు పరీక్షలలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ఒకమారు ఉత్తరాదికి ప్రయాణము చేయుచు, ఒక చిన్న స్టేషనులో దాహమై కిటికీయొద్ద నోరు తెరచెను. నీళ్ళకు ఆ భాషలో పుంలింగమా, స్త్రీలింగమా, దానినిబట్టి విశేషణ మెట్లు మారవలెను అని వాక్యమును లోలోపల దిద్దుకొనుచుండగనే రైలు కదలెను. ఆ రెండవవాడు మరెవరో కాదు, మేమే.

ఈ యిరువురిలో భాష వచ్చినవాడెవడు? పసిబిడ్డ విషయమున ఈ ప్రశ్నయే పుట్టదు. బిడ్డ తప్పులాడును, ఇంటివారు నవ్వుదురు, ఆ నవ్వే దానికి బహుమానము. పెద్దవానికి ఆ నవ్వు శిక్ష. నలుగురిలో మాట చెల్లుబడియగు మనిషి, పరభాషలో నోరు తెరవగనే నాలుగేండ్ల పిల్లవాడై పోవును. పెద్దల నోటికి తాళము వేయునది మందబుద్ధి కాదు, సిగ్గు. అయినను పెద్దవానికొక లాభము లేకపోలేదు. బిడ్డ ఏండ్లతరబడి విని పట్టుకొను నియమమును పెద్దవాడు ఒక గంటలో గ్రహింపగలడు. కావున పుస్తకమును బొత్తిగా విడుచుట నష్టము. దానియొద్దనే కూర్చుండిపోవుట అంతకన్న నష్టము. ఎప్పుడు లేచిపోవలెనన్నదే తేల్చుకొనవలసిన సంగతి.

మన భాషకు మేలుచేసిన సి. పి. బ్రౌను చరిత్రనే చూడుడు. కలకత్తాలో 1798లో జన్మించిన ఈయన 1817లో మద్రాసు చేరి, కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పు సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారివద్ద తెలుగు మొదలిడెను. 1820లో పరీక్ష నెగ్గి కడపకు ఉద్యోగియై వెళ్ళెను. ఆ మూడేండ్ల చదువు ఆయనకు ద్వారము మాత్రమే. కచేరిలో అర్జీలు, రైతుల మొరలు, సాక్షుల వాఙ్మూలములు చెవినిబడిన పిమ్మటనే తెలుగు ఆయన సొత్తైనది. అట్లని పండితులను విడువలేదు. వారిని చేర్చుకొని తాళపత్రములు శోధించి 1829లో వేమన పద్యములు, 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించెను. కచేరీలలో దొరలిన పారసీ, హిందుస్తానీ మాటలకై వేరుగా 1854లో మిశ్రభాషా నిఘంటువును కూర్చెను. గ్రంథములనే నమ్ముకొన్నవానికి అట్టి నిఘంటువొకటి కావలెనని తోచియుండదు.

బ్రౌనునకు కడప యున్నది. ఏ దేశమునకును చెందని భాషను నేర్వదలచినవాడు ఎక్కడికి పోవలెను? మేము ఎస్పెరాంటో నేర్వ మొదలిడినప్పుడు ఎదురైన చిక్కు ఇదియే.

ఈ భాషను కల్పించినవాడు జామెన్హోఫ్ అను కంటివైద్యుడు. 1887లో వార్సా నగరమున తొలి పుస్తకమును "ఆశించువాడు" అను అర్థమిచ్చు మారుపేరుతో వెలువరించెను. ఆ మారుపేరే భాషకు పేరైనది. మూలవ్యాకరణము పదునారు నియమములు మాత్రమే. వ్రాసినట్లే చదువుదురు గనుక తెలుగువానికి వర్ణక్రమపు బాధ లేదు. నామవాచకము 'ఓ'తోను, విశేషణము 'ఆ'తోను ముగియును. సానా యనగా ఆరోగ్యము గల, మల్‌సానా యనగా జబ్బుపడిన, మల్‌సానులో రోగి, మల్‌సానులేయో ఆసుపత్రి. ప్రత్తి కోటోనో, పొలము కాంపో. కోటోన్‌కాంపో యన్న ప్రత్తిచేను సిద్ధము. ప్రత్యయముపై ప్రత్యయము పేర్చుట మన భాషకు అలవాటే. పాత్రో అను తండ్రికి ఒక ప్రత్యయము తగిలించి పాత్రీనో అని తల్లిని పుట్టించుట మాత్రము మా చెవికి వింతగానే యుండెను. తాతగారికిని పాలేరునకును 'వి' యన్న ఒకే సర్వనామమగుట వలన మొదట నాలుక వెనుదీసెను. ఇక మనము, మేము అన్న భేదమే లేదు, రెంటికిని 'ని' యే.

రెండు నెలల సాయంకాలములలో ఈ వ్యాకరణము మాకు స్వాధీనమైనది. పరీక్ష పెట్టినచో నూటికి నూరు వచ్చెడివి. కాని ద్వితీయావిభక్తి యొకటి వెంటాడెను. కర్మకు 'న్' చేరవలెను. మన ను, ని లకు చుట్టమే గదా, కష్టమేమని తలచితిమి. మోసము అచ్చటనే యున్నది. "పిల్లిని కరచెను" అందుము గాని, "అన్నము తింటిని" అనునప్పుడు విభక్తిని మనము చేర్పము. ఎస్పెరాంటోలో పిల్లికిని అన్నమునకును భేదము లేదు, రెంటికిని 'న్' తప్పదు. నియమము తెలిసియు, వ్రాయునప్పుడు చేర్చియు, మాటలాడునప్పుడు ప్రతిమారు మరచితిమి. తెలిసినదానికిని అలవడినదానికిని గల దూరము మాకు ఆ ఒక్క అక్షరమున కొలతకు వచ్చినది.

ఈ దూరమును దాటుట ఎట్లో ఎస్పెరాంటోవారు ముందే ఎరుగుదురు. తొలి పదునెనిమిదేండ్లు ఆ భాష ముఖ్యముగా ఉత్తరములలోను పత్రికలలోను బ్రతికెను. 1905లో ఫ్రాన్సునందలి బులోన్ పట్టణమున మొదటి ప్రపంచ మహాసభ జరిగినప్పుడు, పుస్తకము చూచి నేర్చిన వివిధ దేశస్థులు ఒకరి మాట నొకరు గ్రహించిరి. 1920 దశకమున ఆంద్రేయో చెహ్ అను మతగురువు, మొదటి పాఠమునుండియే విద్యార్థుల మాతృభాష నంటక, ప్రశ్నలతోను పరిహాసములతోను అందరిచే ఒక్కుమ్మడి జవాబు చెప్పించుచు బోధించెను. కూటములలో తమ తమ భాషలకు జారుకొనుటకు 'క్రోకొడీలి', అనగా మొసలితనము చేయుట యని వారొక క్రియనే కల్పించుకొనిరి. ఆ ఎగతాళికి జడిసి నోరు దానంతట దారిలోనికి వచ్చును. 1974లో ఆరంభమైన పాస్పోర్తా సెర్వో వలన, ఈ భాష మాటలాడు యాత్రికులకు ఆ భాషీయుల యిండ్లలో ఉచితముగా బస దొరకును. రేడియో గల యిండ్లవారికి చెప్పదగిన మాట యొకటి: చైనా రేడియో 1964లో ఎస్పెరాంటో ప్రసారములు ప్రారంభించెను. తెలుగునాటికిని ఈ భాష పొత్తు లేకపోలేదు. 1989 మొదలు 2006 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము బోధించిన ప్రబాల్ దాస్‌గుప్తాగారే 2007 నుండి 2013 వరకు ప్రపంచ ఎస్పెరాంటో సంఘమునకు అధ్యక్షులు.

ప్రత్తిపాడులో అట్టి కూటము లెక్కడివి? కూటమును మనమే కట్టుకొనవలెను. దానికి ఇద్దరు చాలును. 2015లో డుయోలింగో ఇంగ్లీషు తెలిసినవారికై ఎస్పెరాంటో పాఠములు వెలువరించినది మొదలు పుస్తకము పని ఫోనే చేయుచున్నది. కాని ఫోను తప్పు దిద్దును గాని ఎదురుమాట యాడదు. గుంటూరునుండి వచ్చు మిత్రుడొకరితో మేము చేసికొన్న ఒప్పందము ఇది: ఆదివారము సాయంకాలము గంటసేపు తెలుగు నిషేధము. వ్యాకరణము ప్రస్తావించుటయు నిషేధమే. మాట తోచనిచో వ్రేలితో చూపవలెను. మొదటి వారము సగము గంట మౌనమున గడచెను. మూడవ వారము కోపము వచ్చెను. కోపమున భాష సులువుగా వచ్చుననుట మాకు అప్పుడు తెలిసినది.

ఏడవ వారమో ఎనిమిదవ వారమో, ఆరబోసిన మిరపకాయల ప్రక్కగా నడచుచు, ఘాటు చూతమని మిత్రుడు అందించిన కాయను కొరికితిమి. కన్నీరు కారగా మా నోట వెలువడిన మాట "అక్వోన్, మి పెటాస్!" నీళ్ళు దయచేయుమని దాని యర్థము. నీళ్ళు త్రావి స్తిమితపడిన పిమ్మట గాని, 'అక్వో'కు 'న్' చేరియున్నదని మాకు తట్టలేదు.