చెత్త ఉత్తరాన్ని యంత్రం ఎలా గుర్తుపడుతుంది?

వేసవిలో భద్రాచలం అడవి అంచు గ్రామాల్లో తునికాకు సేకరణ జరుగుతుంది. చిల్లులు పడినవి, మరీ లేతవి పక్కన పెట్టి, మంచి ఆకులను యాభై చొప్పున కట్టలు కడతారు. ఏది మంచి ఆకో కొత్తవారికి ఎవరూ నియమాలు వల్లె వేయించరు. పెద్దలు "ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు" అని చూపుతుంటే కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే ఏరుతుంది. ఈమెయిళ్లలో చెత్తను ఏరే స్పామ్ ఫిల్టర్ నేర్చుకునేదీ ఇదే తీరున.

స్పామ్ అంటే మనం అడగకుండానే గుంపులుగా వచ్చిపడే ఉత్తరాలు. 1978 మే నెలలో అమెరికాలో గారీ థ్యూర్క్ అనే ఉద్యోగి, తన సంస్థ కంప్యూటర్ల గురించిన ప్రకటనను అర్పానెట్ ద్వారా దాదాపు 400 మందికి పంపాడు. మొదటి స్పామ్‌గా దీన్నే చెప్పుకుంటారు.

"లాటరీ అనే మాట ఉంటే పారెయ్యి" అని యంత్రానికి నియమం పెడితే చాలదా? చాలదు. పంపేవాడు "లా.ట.రీ" అని రాసి తప్పించుకుంటాడు. అందుకే నియమాలకు బదులు ఉదాహరణలు చూపడం మొదలైంది. దీనికి ఆధారం ఇంగ్లండుకు చెందిన థామస్ బేయిస్ సూత్రం. అది ఆయన మరణించాక 1763లో అచ్చయింది. 1998లో కొందరు అమెరికా పరిశోధకులు దాన్ని స్పామ్‌కు అన్వయించారు. 2002లో పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది.

లెక్క చూద్దాం

యంత్రానికి 100 చెత్త ఉత్తరాలు, 100 మంచి ఉత్తరాలు చూపామనుకుందాం. "ఉచితం" అనే మాట 40 చెత్త ఉత్తరాల్లో, 4 మంచి ఉత్తరాల్లో ఉంది. "స్కాలర్‌షిప్" 2 చెత్తలో, 20 మంచిలో ఉంది. "భద్రాచలం" 1 చెత్తలో, 10 మంచిలో ఉంది.

కొత్త ఉత్తరంలో "ఉచితం" ఒక్కటే చూస్తే, అది చెత్త అయ్యే అవకాశం 44లో 40, అంటే 91 శాతం. కాని ఆ ఉత్తరంలో మూడు మాటలూ ఉన్నాయనుకోండి. చెత్త వైపు 40×2×1=80. మంచి వైపు 4×20×10=800. చెత్త అయ్యే అవకాశం 880లో 80, అంటే 9 శాతమే! ఉత్తరం బతికిపోయింది.

ఇక్కడొక చిక్కుంది. "భద్రాచలం" చెత్తలో ఒక్కసారీ కనిపించకపోతే? సున్నాతో గుణిస్తే మొత్తం సున్నాయే. అప్పుడు ఆ మాటను ఇరికించిన ప్రతి మోసగాడి ఉత్తరమూ మంచిదైపోతుంది. అందుకే ప్రతి లెక్కకూ ముందుగా 1 కలుపుతారు.

ఏ తప్పు పెద్దది?

ఒక చెత్త ఉత్తరం లోపలికి వస్తే నిమిషం వృథా. కాలేజీ సీటు వచ్చిందన్న ఉత్తరం చెత్తలో పడితే ఏడాది వృథా. కనుక గట్టి నమ్మకం కుదిరితేనే చెత్త అనమని యంత్రానికి చెబుతారు.

ఇంగ్లీషు ఉత్తరాలే చూసిన ఫిల్టర్‌కు తెలుగు మాట ఎదురైతే దాని దగ్గర లెక్కే ఉండదు. అందుచేత మన భాషలో, మనకు వచ్చే ఉత్తరాలతోనే అది నేర్చుకోవాలి. పొరపాటున చెత్తలో పడినదాన్ని "స్పామ్ కాదు" అని గుర్తుపెట్టినప్పుడల్లా మీరు దానికి పాఠం చెబుతున్నట్లే. నేటి ఫిల్టర్లు మాటలతో పాటు పంపినవారి చిరునామా, లింకులు కూడా చూస్తాయి.

అనేక లక్షణాలను కలిపి చూసి వర్గం తేల్చే శాస్త్రంలో తెలుగువారి పాత్ర గొప్పది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు (1920–2023) 1948లోనే, అనేక శరీర కొలతలను బట్టి ఒక వ్యక్తి ఏ సమూహానికి చెందుతాడో నిర్ణయించే పద్ధతిని వివరించారు.

మీరూ చేసి చూడండి

ఇంట్లోవారి ఫోనులోని 20 మంచి సందేశాలు, 20 చెత్త సందేశాలు కాగితాలపై రాయండి. ఫోను నంబర్లు, రహస్య అంకెలు రాయకండి. ఒక్కో రకంలో 5 దాచి, మిగిలినవాటిలో మాటలు లెక్కించండి. దాచినవాటిని ఆ లెక్కతో తేల్చండి. చూసిన ఉత్తరాలతోనే పరీక్ష పెడితే, పాఠంలోని లెక్కనే పరీక్షలో ఇచ్చినట్లవుతుంది. ఎన్ని తప్పాయి? ఏ మాట మిమ్మల్ని మోసగించింది?