రెండో గేట్‌వే దానంతట అదే అందుకుంటుందా? అపోహలు – వాస్తవాలు

లినక్స్ యంత్రంలో రెండు డిఫాల్ట్ రూట్లు రాసి, మొదటి లైనుకు మెట్రిక్ 100, రెండోదానికి 200 ఇస్తే చాలు, మొదటిది పోగానే ట్రాఫిక్ దానంతట అదే రెండోదాని మీదికి మళ్లుతుంది. చిన్న ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో సర్వర్లు చూసుకునేవారిలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. రెండు వరసల్లో పని తేలిపోతుంది కాబట్టి ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. దీని పుణ్యమా అని, నెలనెలా రెండు బిల్లులు కట్టే ఆఫీసు మొదటి లైను పోయిన రోజున నెట్ లేక చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. రెండో లైను మాత్రం నిక్షేపంలా పనిచేస్తూనే ఉంటుంది, దాని మీద ఒక్క ప్యాకెట్టూ పోదు. తిట్లన్నీ ఇంటర్నెట్ కంపెనీకి పడతాయి. రూటింగ్ పట్టిక వైపు ఎవరూ చూడరు.

కెర్నెల్ దృష్టిలో మెట్రిక్ ఒక వరస సంఖ్య, అంతే. ఒకే గమ్యానికి రెండు రూట్లు ఉంటే తక్కువ అంకె ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఆ రూటు పట్టికలో ఉన్నంతసేపూ రెండోదాని జోలికి పోదు. అవతల ఇంటర్నెట్ ఉందో లేదో కనుక్కోమని కెర్నెల్‌కు ఎవరూ చెప్పలేదు, అది కనుక్కోదు కూడా. కాబట్టి తేల్చుకోవలసింది ఒక్కటే. లైను చచ్చినప్పుడు దాని రూటును పట్టికలోంచి ఎవరు తీసేస్తారు?

మామూలు అమరికను దగ్గరగా చూస్తే విషయం తేలుతుంది. సర్వర్ నెట్‌వర్క్ కార్డు నుంచి ఒక మీటరు కేబుల్ మోడెమ్‌కు వెళుతుంది. మోడెమ్ నుంచి ఫైబర్ బయటికి, స్తంభాల మీదుగా కంపెనీ దాకా పోతుంది. వీధి చివర ఫైబర్ తెగిందనుకుందాం. మోడెమ్‌కు కరెంటు ఉంది, కేబుల్ బిగువుగానే ఉంది. ‘ఐపీ లింక్ షో’ కొడితే ‘అప్’, ‘లోయర్ అప్’ అని రెండు మాటలూ కనిపిస్తాయి. మొదటిది కార్డును అడ్మిన్ ఆన్ చేశాడని చెబుతుంది. రెండోది వైరుకు అవతలి కొసన ఏదో పరికరం వెలుగుతోందని చెబుతుంది. ఆ పరికరం బల్ల మీదున్న మోడెమే. గేట్‌వే 192.168.1.1ను పింగ్ చేస్తే మిల్లీసెకనులో జవాబు వస్తుంది, అది కూడా మోడెమ్ ఇచ్చేదే. ‘ఐపీ నైబర్’ అడిగితే ‘రీచబుల్’ అంటుంది. ‘ఐపీ రూట్ గెట్ 8.8.8.8’ అని అడిగితే శిలాశాసనంలా మొదటి గేట్‌వేనే చూపిస్తుంది. అన్నీ పచ్చగానే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు.

2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున కోసేసినప్పుడు ఇళ్లలో, ఆఫీసుల్లో ఎదురైన పరిస్థితి సరిగ్గా ఇలాంటిదే. లోపల కార్డు దీపం వెలుగుతూనే ఉంటుంది, తెగింది బయట. రెండు కంపెనీల ఫైబర్లు ఒకే స్తంభం మీదుగా వస్తుంటే ఏ మెట్రిక్కూ ఆదుకోదన్నది వేరే సంగతి. రెండో లైను తీసుకునేటప్పుడు ఎక్కువమంది ధర అడుగుతారు, అది ఏ దారిలో వస్తోందని అడగరు.

ఈ అపోహకు ప్రాణం పోసేది పరీక్షించే పద్ధతే. రూట్లు రాశాక చాలామంది ‘ఐపీ లింక్ సెట్ డౌన్’ అని మొదటి కార్డును ఆపేసి, ట్రాఫిక్ రెండోదాని మీదికి మళ్లిందని సంతోషిస్తారు. కార్డును చేత్తో ఆపేస్తే కెర్నెల్ దాని రూట్లన్నిటినీ తుడిచేస్తుంది, మళ్లక ఏం చేస్తుంది? నిజజీవితంలో లైను పోయేది ఇలా కాదు. పైగా కార్డును మళ్లీ ‘అప్’ చేసినా, చేత్తో రాసిన డిఫాల్ట్ రూటు తిరిగి రాదు. పరీక్ష అయ్యాక సర్వర్ చడీచప్పుడు లేకుండా రెండో లైను మీదే నెలల తరబడి నడుస్తున్న సందర్భాలకు మూలం ఇక్కడుంది.

కేబుల్ పీకేసినా కెర్నెల్ ఒక్కటే ఉంటే సరిపోదు. క్యారియర్ పోయిన ఐపీవీ4 రూటుకు ‘లింక్‌డౌన్’ అని గుర్తు తగిలిస్తుందే గానీ, వాడటం మానదు. అలాంటి రూట్లను పక్కన పెట్టమనే కెర్నెల్ సెట్టింగు ఒకటి ఉంది, ‘ఇగ్నోర్ రూట్స్ విత్ లింక్‌డౌన్’. మొదట్నుంచీ దాని విలువ సున్నా.

అయితే ఈ నమ్మకానికి కొన్ని మార్కులు వేయక తప్పదు. నెట్‌వర్క్‌మేనేజర్, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ లాంటివి నడుస్తున్న యంత్రాల్లో కేబుల్ ఊడినా, మోడెమ్‌కు కరెంటు పోయినా అవే రూటును తీసేస్తాయి, అప్పుడు రెండో రూటు నిజంగానే అందుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో వైరు పీకగానే వైఫై పట్టుకోవడం అందుకే. నెట్‌వర్క్‌మేనేజర్ వైరుకు 100, వైఫైకి 600 మెట్రిక్ ఇస్తుంది. కనెక్టివిటీ తనిఖీ ఆన్ చేసి ఉంటే అది ఇంకో అడుగు ముందుకేస్తుంది. తనిఖీ తప్పిన లైను మెట్రిక్‌కు 20000 కలుపుతుంది, దాంతో వైరు 20100కు జారిపోయి వైఫై ముందుకొస్తుంది. పీపీపీఓఈ సెషన్ మోడెమ్‌లో కాకుండా సర్వర్‌లోనే నడుస్తుంటే, పీపీపీడీలో ఎల్‌సీపీ ఎకో విరామం 20 సెకన్లు, వైఫల్యాల సంఖ్య 3 అని పెడితే, ఫైబర్ తెగాక నిమిషం, కాస్త అటూఇటూగా సెషన్ కూలి దాని రూటు కూడా పోతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఈ తనిఖీలు పెట్టి ఉన్న సర్వర్లు తక్కువ. పెట్టినా నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా 300 సెకన్లకు ఒకసారి చూస్తుంది. ఎల్‌సీపీ ఎకోకు జవాబిచ్చేది కంపెనీ మొదటి యంత్రం మాత్రమే, దాని వెనక లైను పోతే ఎకోకు తెలియదు.

పింగ్‌తో గేట్‌వేను పరీక్షించడం ప్రమాణాలకే విరుద్ధమని 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122ను ఎత్తిచూపేవారూ ఉన్నారు. హోస్టులు తమ పక్క గేట్‌వేను ఎడతెగకుండా పింగ్ చేస్తూ కూర్చోకూడదని ఆ పత్రం చెప్పిన మాట వాస్తవమే. ఆ పింగ్ ఇక్కడ ఎలాగూ పనికిరాదు, జవాబిచ్చేది బల్ల మీది మోడెమ్ కాబట్టి. కావలసింది లైను అవతలి కొసను, అంటే ఇంటర్నెట్‌లోని ఒక చిరునామాను, నిదానంగా పలకరించడం.

ఆ పలకరింపులో ఒక మెలిక ఉంది. ఒకే చిరునామాను డిఫాల్ట్ రూటు మీదుగా పింగ్ చేసే స్క్రిప్టు, ట్రాఫిక్ రెండో లైనుకు మళ్లగానే, ఆ రెండో లైను మీదుగానే జవాబు అందుకుని మొదటిది బాగైందనుకుంటుంది. వెనక్కి మార్చేస్తుంది. మళ్లీ పింగ్ పోతుంది, మళ్లీ ముందుకు. గానుగెద్దులా ఈ తిరుగుడు తెల్లవార్లూ సాగుతుంది. అందుకే ప్రతి లైనుకూ సొంత పరీక్ష చిరునామా ఉండాలి. 1.1.1.1కు మొదటి గేట్‌వే మీదుగా, 8.8.8.8కు రెండోదాని మీదుగా విడివిడిగా హోస్ట్ రూట్లు రాసి కట్టేయాలి. ఒక్కో లైనుకు రెండు చిరునామాలుంటే ఇంకా మంచిది, అవతలివాళ్ల సర్వర్ పడిపోతే మన లైను పడిపోయినట్టు కాదు గదా. చిరునామాలు అంకెల్లోనే ఉండాలి. పేర్లు ఇస్తే నెట్ పోయినప్పుడు డీఎన్ఎస్ కూడా పోయి, స్క్రిప్టు అక్కడే బిగుసుకుంటుంది. ఒక్క పింగ్ తప్పగానే మార్చకూడదు. వరసగా మూడు తప్పితే పోయినట్టు, వరసగా అయిదారు వస్తే గానీ తిరిగొచ్చినట్టు కాదు. మార్చేటప్పుడు రూటును తీసేసి మళ్లీ రాయకుండా ‘ఐపీ రూట్ రీప్లేస్’ వాడితే మధ్యలో రూటు లేని క్షణం ఉండదు.

స్క్రిప్టు రాయడం ఇష్టం లేనివారికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎమ్‌వాన్3, ఓపెన్‌బీఎస్‌డీలో ఇఫ్‌స్టేటెడ్, పీఎఫ్‌సెన్స్‌లో డీపింగర్ ఉన్నాయి. పీఎఫ్‌సెన్స్‌లో మానిటర్ చిరునామా ప్రత్యేకంగా ఇవ్వకపోతే అది గేట్‌వేనే పింగ్ చేస్తుంది, మోడెమ్ వెనకున్నవారికి పాత కథే పునరావృతం. ఇక వీఆర్‌ఆర్‌పీ, కార్ప్ పెడితే లైన్ల బెడద తీరిపోతుందనుకోవడం పొరపాటు. అవి గేట్‌వే యంత్రం చచ్చిపోతే పక్క యంత్రం అందుకోవడానికి పుట్టినవి. లైను సంగతి చూడాలంటే వీఆర్‌ఆర్‌పీని నడిపే కీప్‌అలైవ్డీకి విడిగా ట్రాక్ స్క్రిప్టు తగిలించాల్సిందే.

రూటు మళ్లాక కూడా ఆఫీసు సిప్ ఫోన్లు పనిచేయడం లేదన్న ఫిర్యాదు వస్తే, కెర్నెల్ నడుస్తున్న సంభాషణలను నమోదు చేసుకునే కాన్‌ట్రాక్ పట్టిక చూడాలి. ఎస్‌నాట్‌తో స్థిరమైన చిరునామా ఇచ్చిన చోట, పాత యూడీపీ సంభాషణలు మొదటి లైను చిరునామా వేసుకునే రెండో లైను మీదుగా బయటికి పోతుంటాయి. అవతలివారి జవాబు చచ్చిన లైనుకు పోతుంది. సిప్ ఫోన్లు మాటిమాటికీ పలకరిస్తూనే ఉంటాయి కాబట్టి పట్టికలోని ఆ నమోదు దానంతట అది చావదు. ‘కాన్‌ట్రాక్ మైనస్ డీ’తో ఆ నమోదులను తీసేస్తే ఫోను లేస్తుంది. మాస్క్వరేడ్ వాడిన చోట ఈ తలనొప్పి తక్కువ.

ఇంకో ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తుంది. రెండో లైను పబ్లిక్ చిరునామాను బయటి నుంచి పింగ్ చేస్తే పలకదు, కాబట్టి ఆ లైను పాడైంది అని. లైను బాగానే ఉంటుంది. ప్యాకెట్ రెండో దారిన లోపలికొస్తుంది, జవాబు డిఫాల్ట్ రూటు పట్టుకుని మొదటి దారిన పోతుంది. వేరే కంపెనీ చిరునామాతో వచ్చిన ప్యాకెట్‌ను మొదటి కంపెనీ మధ్యలోనే పారేస్తుంది. ఫలానా చిరునామా నుంచి బయల్దేరేవి ఫలానా పట్టిక చూడాలని ‘ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్’తో ఒక నియమం, ఆ పట్టికలో రెండో గేట్‌వేకు ఒక డిఫాల్ట్ రూటు రాస్తే చాలు. దీనికి మెట్రిక్‌తో పనే లేదు. ఈ పని వదిలేసి, వచ్చిన ప్యాకెట్‌కు జవాబు అదే దారిన పోతుందా అని చూసే ‘ఆర్‌పీ ఫిల్టర్’ను సున్నా చేయమనే సలహా తరచూ దొరుకుతుంది. చాలాచోట్ల విలువ 2 సరిపోతుంది. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది, ‘ఆల్’ విలువ, కార్డు విలువ రెండింటిలో పెద్దదే చెల్లుతుంది. కాబట్టి కార్డు దగ్గర సున్నా పెట్టి ‘ఆల్’ దగ్గర 1 వదిలేస్తే ఏమీ మారదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. రెండు లైన్లు కలిపితే ఒక డౌన్‌లోడ్ రెట్టింపు వేగంతో రాదు. మల్టీపాత్ రూటు పెట్టినా కెర్నెల్ 4.4 నుంచి ఒక్కో ప్రవాహం ఒక్కో లైనుకే కట్టుబడి ఉంటుంది, అలా ఉండటమే మంచిది. ట్రేస్‌రూట్‌లో మధ్యన నక్షత్రాలు వస్తే అక్కడ ప్యాకెట్లు పోతున్నట్టు కాదు, ఆ రౌటర్‌కు జవాబులు చెప్పే తీరిక లేనట్టు. ‘ఐపీ నైబర్’లో ‘స్టేల్’ అన్నది జబ్బు కాదు. ఇఫ్‌కాన్ఫిగ్ చచ్చిపోయిందన్నది లినక్స్ వాళ్ల మాట. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన ఆ కమాండ్ నేటికీ బీఎస్‌డీల్లో అసలు పనిముట్టు. అక్కడ గేట్‌వే చూడాలంటే ‘రూట్ మైనస్ ఎన్ గెట్ డిఫాల్ట్’. ‘రూట్ యాడ్’తో రాసింది రీబూట్ తర్వాత ఉండదు, సొలారిస్‌లో ‘మైనస్ పీ’ ఇస్తే తప్ప.

ఐసీఎంపీ మొత్తం ఆపేస్తే భద్రత అనే మాటను మాత్రం ఒక్క వాక్యంలో వదిలేయలేం. పీపీపీఓఈ లైను మీద ప్యాకెట్ పరిమాణం 1500 కాదు, 1492. పెద్ద ప్యాకెట్ పట్టదని చెప్పే కబురు ఐసీఎంపీలోనే వస్తుంది. ఆ కబురు ఒక్కటి ఆగినా కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెల్లపేజీతో ఆగిపోతాయి, పింగ్‌ను వదిలిపెట్టి ఉంటే అది మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 1464 బైట్ల పింగ్ పంపిస్తే పోయి, 1465 పోకపోతే కారణం దొరికినట్టే.

చివరగా, ఏది చెడినా నెట్‌వర్క్ సర్వీసును రీస్టార్ట్ చేస్తే బాగవుతుందనే నమ్మకం. ఎస్ఎస్‌హెచ్‌లో కూర్చుని ఆ పని చేసేవారు తామున్న కొమ్మనే నరుక్కుంటున్నారు. చేత్తో రాసిన రూట్లు పోతాయి, సర్వర్ ఊరవతల ఉంటే అక్కడికి బండి వేసుకుని పోవాలి. నెట్‌ప్లాన్ ఉన్న యంత్రాల్లో ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడితే 120 సెకన్లలో ఎంటర్ నొక్కనప్పుడు పాత అమరిక తిరిగొస్తుంది. మిగతాచోట్ల రూటు మార్చేముందే, అయిదు నిమిషాల తర్వాత పాత రూటును తిరిగి రాసే కమాండ్‌ను ‘ఎట్’లో పెట్టుకోవాలి. మార్పు సరిగా ఉందని తేలాక దాన్ని ‘ఎట్‌ఆర్‌ఎమ్’తో తీసేయవచ్చు. ఫెయిలోవర్ పరీక్ష ఆఫీసు మూసేశాక పెట్టుకోవడం మేలు. పీకవలసింది సర్వర్ వైపు కేబుల్ కాదు, మోడెమ్ వెనక ఫైబర్. పీకేముందు ఒక విండోలో ‘ఐపీ మైనస్ టీ మానిటర్ రూట్’ నడుపుతూ ఉంటే, రూటు ఏ సెకనులో మారిందో, ఫైబర్ తిరిగి పెట్టాక ఏ సెకనులో వెనక్కి వచ్చిందో అక్కడే కనిపిస్తుంది.