ఒకే వంశం, రెండు కంచాలు

ఉత్తరాంధ్ర పల్లెలో ఒక అన్న, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఒక తమ్ముడు ఉన్న కుటుంబాలు భిలాయి కోహ్కా ప్రాంతంలో కొత్తేం కాదు. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931 నాటికే రైలు మార్గం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక, ఆ దారిన పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చాలామంది. కొందరికి టౌన్‌షిప్ సెక్టార్లలో క్వార్టర్లు దొరికాయి. తక్కినవాళ్లు సుపేలా, కోహ్కా వైపు ఇళ్లు కట్టుకున్నారు, అద్దెకున్నారు. ఒళ్లు రావడం గురించి ఇలాంటి ఇళ్లలో రెండు మాటలు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. ఒకటి, ‘మా వంశమే అంత, నీళ్లు తాగినా లావైపోతాం’. రెండోది, ‘నోరు కట్టుకోలేనివాడికి ఒళ్లు రాక ఏమవుతుంది’. మొదటిది సాకు, రెండోది నింద. రెండింట్లోనూ కొంత నిజముంది, కానీ చెప్పేవాళ్లు అనుకునే చోట లేదు.

ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకరు ఊళ్లో ఉండిపోయి ఇంకొకరు ఫ్యాక్టరీకి వచ్చేస్తే ఇద్దరి ఒళ్లూ ఎలా మారతాయో ఊహించుకోనక్కర్లేదు. ఇండియన్ మైగ్రేషన్ స్టడీ అనే పెద్ద పరిశీలన సరిగ్గా ఆ పనే చేసింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న పల్లె మనుషులనూ, సొంతూళ్లో ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనూ, పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. మొత్తం 6,510 మంది. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం పల్లెలో ఉండిపోయిన మగవాళ్లలో 19 శాతం మందికి స్థూలకాయం ఉంటే, వలస వచ్చినవాళ్లలో అది 37.8 శాతం, పట్నం పుట్టుకవాళ్లలో 41.9 శాతం. మధుమేహం పల్లెలో 6.2 శాతం, వలస వచ్చినవాళ్లలో 14.3 శాతం. భిలాయి ఆ జాబితాలో లేదు. కానీ ఆ కథ భిలాయిదే అనిపించేంత దగ్గరగా ఉంది. తోబుట్టువుల జన్యువులు అచ్చు గుద్దినట్టు ఒకటి కావు, సగటున సగం కలుస్తాయి. అయినా ఒక వంశపు అన్నదమ్ముల్లో రైలెక్కినవాళ్లకే ‘ఒళ్లొచ్చే జన్యువులు’ దక్కాయని ఎవరూ అనలేరు. ఓపిక, ఆరోగ్యం ఉన్నవాళ్లే వలస వచ్చి ఉంటారు కదా, తేడా ముందే ఉందేమో అని అడగవచ్చు. ఆ అనుమానాన్ని పూర్తిగా కొట్టెయ్యలేం. అయితే అవే కుటుంబాలను పట్నంలో గడిపిన ఏళ్లను బట్టి చూసినప్పుడు, ఒంట్లో కొవ్వు మొదటి పదేళ్లలోనే గబగబా పెరిగిందనీ, రక్తపోటు లాంటివి ఆ తర్వాత నెమ్మదిగా పైకి వెళ్లాయనీ తేలింది. పుట్టుకతో వచ్చిన తేడా ఇలా ఊరు మారిన ఏడాది చూసుకుని మొదలుకాదు.

అలాగైతే వంశం మాట ఉత్తదేనా? కాదు. ఇక్కడే అసలు చిక్కు. 1990లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనంలో చిన్నప్పుడే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల బరువులు చూస్తే, మనుషుల మధ్య తేడాలో మూడింట రెండొంతులు, అంతకు కొంచెం పైనే, జన్యువుల వల్లేనని లెక్క తేలింది. అదే ఏడాది కెనడాలో క్లాడ్ బూషార్ బృందం ఇంకా సూటిగా పరీక్షించింది. పన్నెండు జతల ఏకరూప కవలలకు, వంద రోజుల వ్యవధిలో 84 రోజుల పాటు, అవసరానికి మించి రోజుకు వెయ్యి కేలరీలు తినిపించారు. అందరికీ అదనం సమానమే. కానీ ఒకరు 4.3 కిలోలు పెరిగితే ఇంకొకరు 13.3 కిలోలు పెరిగారు. ఏ జతకు ఆ జతలో మాత్రం ఇద్దరి మధ్య తేడా చాలా తక్కువగా ఉంది. ‘నోరు కట్టుకోలేనివాడు’ అనే నింద ఇక్కడ చిత్తయిపోతుంది. ఒకే క్యాంటీన్‌లో ఒకే భోజనం చేసి, ఒకరు రివటలా ఉండి మరొకరు పొట్ట వేయడం క్రమశిక్షణకు సంబంధించిన విషయం కానే కాదు. తిన్నది ఒంటికి పట్టే తీరు మనిషికొకలా ఉంటుంది, అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే.

మరి మూడింట రెండొంతులు జన్యువులదైతే మిగిలిన దాంతో ఏం సాధిస్తాం అని నిరుత్సాహపడేవాళ్లున్నారు. ఆ లెక్కను తప్పుగా చదవడం వల్ల వచ్చే నిరుత్సాహం అది. ఒకే కాలంలో, ఒకే రకం తిండి దొరికే చోట బతికే మనుషుల మధ్య తేడా ఎందుకొచ్చిందో ఆ శాతం చెబుతుంది. ఊరంతా కలిసి ఎందుకు బరువెక్కిందో అది చెప్పదు. కోహ్కాలో పక్కపక్క ఇళ్లవాళ్ల మధ్య తేడాకు జన్యువులే చాలావరకు కారణం కావచ్చు. తాతల తరానికీ మనవల తరానికీ మధ్య తేడాకు కాలేవు. అరవై ఏళ్లలో మనిషి జన్యువులు మారిపోవు.

ఛత్తీస్‌గఢ్‌లో జన్యువు అనగానే చాలామందికి గుర్తొచ్చేది సికిల్ సెల్ జబ్బు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తే ఆ జబ్బు వస్తుంది, ఏం తిన్నా తినకపోయినా. బరువు అలాంటిది కాదు. పుట్టుకతోనే లెప్టిన్ అనే హార్మోన్ లేక తీరని ఆకలితో అల్లాడే పిల్లలు లేకపోలేదు, కానీ అది చాలా అరుదు. మామూలు మనుషుల బరువులో వందల జన్యు తేడాలు తలా పిసరంత చెయ్యి వేస్తాయి. వాటిలో పేరున్నది ఎఫ్‌టీవో. 2007లో బరువుతో దీని సంబంధాన్ని గుర్తించినప్పుడు, అమ్మానాన్నలిద్దరి నుంచీ దాని బరువు పెంచే రూపం వచ్చినవాళ్లు, అది అసలు రానివాళ్లకన్నా సగటున 3 కిలోలు ఎక్కువ బరువున్నారు. పెద్ద పేరు మోసిన జన్యువు చేసే పని ఇంతే. అదీ ఎక్కువగా ఆకలి మీద, కడుపు నిండిందన్న తృప్తి మీద పనిచేసి చేస్తుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ పట్టణవాసులను తరతరాలుగా గమనిస్తున్న పరిశోధకులకు ఒక వింత కనిపించింది. 1942కు ముందు పుట్టినవాళ్లలో ఎఫ్‌టీవోకూ బరువుకూ సంబంధమే లేదు, తర్వాత పుట్టినవాళ్లలో స్పష్టంగా ఉంది. జన్యువు అదే, దాని చుట్టూ ఉన్న వంటిల్లు, పని, వీధి మారాయి. రెండు లక్షల పైచిలుకు మందిని చూసిన 2011 నాటి మరో విశ్లేషణలో, ఒళ్లు కదిలించే అలవాటున్నవాళ్లలో ఆ జన్యువు ప్రభావం నాలుగో వంతుకు పైగా తగ్గింది.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ల ఒంటి బరువు మాట రాగానే నేరం అన్నం మీద మోపడం మామూలైపోయింది. ఛత్తీస్‌గఢ్ కూడా అన్నం తినే రాష్ట్రమే. మన చద్దన్నానికి తోబుట్టువు లాంటి బోరే బాసీని కూలి నుంచి రైతు దాకా తింటారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ మహిళల్లో అధిక బరువున్నవాళ్లు 14.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఛత్తీస్‌గఢ్ అంకె తక్కువగా ఉండటంలో పేదరికం పాలూ ఉంది, దాన్ని ఆదర్శమనడం తగదు. కానీ అన్నమొక్కటే దోషి కాదని మాత్రం తెలుస్తోంది. దోషం పనికీ అన్నానికీ లంకె తెగిపోవడంలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల్లో, 65 కిలోల మగవాడు బరువు పని చేస్తే రోజుకు 3,470 కేలరీలు కావాలి, కూర్చుని చేసే పనైతే 2,110 చాలు. తేడా 1,360. అంటే దాదాపు 400 గ్రాముల బియ్యం. కొలిమి ముందు చెమటోడ్చిన మనిషి కంట్రోల్ రూమ్‌లో కుర్చీకి మారినా, రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఆ 400 గ్రాములు కంచంలోంచి వాటంతట అవి తప్పుకోవు. ఆకలికి అలవాటు పోదు. దానికి తోడు సాయంత్రం సమోసా, గుప్‌చుప్ (పానీపూరీ), నైట్ షిఫ్ట్‌లో నిద్ర ఆపుకోవడానికి చక్కెర వేసిన టీలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు 2,000 కేలరీల కంచాన్ని ఇలా పంచాయి: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400, పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85. మన ఇళ్లలో బియ్యం, కూరల అంకెలు సరిగ్గా తారుమారై ఉంటాయి. గుట్టలా అన్నం, పక్కన గరిటెడు కూర. ఉత్తరాంధ్రలో ఒకప్పుడు పొద్దున్నే తాగిన చోడంబలిని (రాగి అంబలిని) వెనక్కి తెచ్చుకోవడం మంచిదే, కానీ అన్నం అలాగే ఉంచి దాన్ని అదనంగా తాగితే లాభం లేదు.

‘నాకు అధిక బరువు లేదు, ఇదంతా నాకెందుకు’ అనేవాళ్లకు ఒక ఫొటో ఉంది. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక, అంటే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2. చూపుకు సన్నగా ఉంటూ లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన పోషణకూ ఇందులో వాటా ఉందని పుణె పరిశోధనలే సూచించాయి. అందుకే మనకు బీఎంఐ 25 దగ్గరే స్థూలకాయం మొదలైనట్టు లెక్క. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

జన్యు పరీక్ష చేయించుకుని దానికి తగ్గ డైట్ పాటిస్తే సరిపోతుందని ప్రకటనలొస్తున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో ఏడాది పాటు సాగి 2018లో బయటికొచ్చిన పరీక్షలో, కొవ్వు తగ్గించిన తిండీ పిండిపదార్థాలు తగ్గించిన తిండీ ఇంచుమించు ఒకే ఫలితమిచ్చాయి. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ల జన్యువులు ముందుగా చెప్పలేకపోయాయి. ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోవడం మేలు.

అంతకన్నా చవకైన పరీక్ష చెన్నైలో తయారైంది. మధుమేహం ముప్పును నాలుగు ప్రశ్నలతో వందకు లెక్కగట్టే ఈ కొలతను డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ప్రకటించింది. వయసుకు గరిష్ఠంగా 30, తల్లిదండ్రులిద్దరికీ షుగర్ ఉంటే 20, నడుముకు 20, ఒళ్లు కదలకపోవడానికి 30. అరవై, ఆపైన వస్తే ముప్పు ఎక్కువని అర్థం, రక్తపరీక్ష చేయించుకోవాలి. వయసు యాభై దాటి, అమ్మానాన్నలిద్దరికీ షుగర్ ఉన్న మనిషికి ఆ రెండింటి ఖాతాలో పడేది యాభై. అరవై చేరాలంటే నడుమో, కుర్చీయో తోడు రావాలి.