బుల్లి పడవకి బోలెడు స్పీడు!

తెర మీద స్పీడు బోటు దూసుకెళ్తుంటే హాల్లో ఈలలు పడటం మామూలే. 1973లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా ‘లివ్ అండ్ లెట్ డై’లో ఓ గ్లాస్ట్రాన్ బోటు గట్టు మీంచి ఎగిరి, గాల్లోనే 110 అడుగులు దాటి అవతలి నీళ్ళల్లో పడుతుంది. ఆ సీను చూసి సీట్లోంచి లేవనివాడు లేడు! మన గోదావరి మీద మాత్రం పడవలు పాట పాడుకుంటూ నింపాదిగానే వెళ్ళాయి. ‘మూగమనసులు’ నాటి నించీ అంతే. ‘అందాల రాముడు’లో లాంచీకి తొందరే లేదు. 2006లో వచ్చిన ‘గోదావరి’లో కూడా భద్రాచలం చేరేదాకా ఎవరికీ కంగారు కనిపించదు.

అదే గోదావరి ప్రాంతంలో, కోనసీమలోని ఓ ఊరి చెరువులో, మూరెడు పొడుగు ప్లాస్టిక్ పడవని గంటకి 30 కిలోమీటర్ల స్పీడుతో తోలారు. తోలింది మా మావయ్యా, ఆయన కొడుకూ. ఆ పడవ వయసు ముప్ఫై అయిదు దాటింది. రేడియోతో నడిచే జపాన్ బొమ్మ. దాని సంగతే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

కోతి ఉందనుకున్నారట!

రేడియో పడవ నిన్నా మొన్నా పుట్టిన వింత కాదు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఓ తొట్టిలో బుల్లి పడవని వదిలి, తీగ లేకుండా దూరం నించి నడిపించి చూపించాడు. రేడియో అనే మాటే జనానికి సరిగ్గా తెలియని రోజులు. లోపల తర్ఫీదిచ్చిన కోతిని కూర్చోబెట్టాడని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారట!

సినిమా వాళ్ళకి బొమ్మ పడవలు కొత్తేం కాదు. 1997 నాటి ‘టైటానిక్’ కోసం అసలు ఓడలో ఇరవయ్యో వంతు సైజు మోడల్ కట్టారు. అయితే వాళ్ళ ఇబ్బంది మనదానికి పూర్తిగా తలకిందులు. ఓడని ఎంత చిన్నది చేసినా నీటిచుక్క చిన్నదవదు కదా! బొమ్మ ఓడ పక్కన అలలు గబగబా లేచిపడి, అది బొమ్మేనని పట్టించేస్తాయి. అందుకని కెమెరాని వేగంగా తిప్పి, తెర మీద నెమ్మదిగా చూపిస్తారు. పదహారో వంతు మోడలైతే మామూలుకి నాలుగు రెట్లు, అంటే సెకనుకి 24 ఫ్రేములకి బదులు 96. వాళ్ళకి బొమ్మని బరువుగా, నిదానంగా చూపించాలి. మా మావయ్య కొడుక్కేమో అది రివ్వున పోవాలి!

కువైట్ నించి వచ్చిన పడవ

‘ఎయిర్‌లిఫ్ట్’ సినిమా చూశారా? 2016లో అక్షయ్‌కుమార్ నటించింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అక్కడ చిక్కుకున్న మనవాళ్ళు లక్షా 70 వేల మందికి పైగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో ఇల్లు చేరారు. వాళ్ళల్లో మా మావయ్య ఒకడు. కోనసీమ నించి గల్ఫ్ వెళ్ళిన వాళ్ళకి లెక్కలేదు. ఈయన అక్కడ ఏసీ మెకానిక్‌గా చేసేవాడు.

“టీవీ వదిలేశాను, టేప్‌రికార్డర్ వదిలేశాను, ఆర్నెల్ల జీతం ఆ షేకు దగ్గరే ఉండిపోయింది. బస్సులో ఎడారి దాటేటప్పుడు చేతిలో ఓ సంచీ మాత్రం ఉంది. దాంట్లో రెండు చొక్కాలూ, ఇదీని” అంటాడు పడవని చూపించి. అప్పటికి ఎనిమిదేళ్ళున్న కొడుక్కోసం కొన్నాడు. అట్టపెట్టె అమ్మాన్‌లో పారేశాడు గానీ పడవకి గీత పడనివ్వలేదు.

రెండేళ్ళు కాలవలో ఆడుకున్నారు. బ్యాటరీ చచ్చిపోయాక పడవ అటకెక్కింది. ఆ కొడుకే మా బావ. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. పోయినేడు సెలవలకొచ్చి, అటక సర్దుతూ పడవని కిందికి దించాడు. “దీన్ని అదరగొట్టేద్దాం రా!” అని నాకు ఫోను.

మావయ్య మాత్రం రెండు షరతులు పెట్టాడు. ఒకటి, పడవకి ఒక్క కొత్త కన్నం కూడా పడకూడదు. రెండు, దాంట్లోంచి తీసిన ఏ ముక్కా పారెయ్యకూడదు.

“ఎడారిలో ముక్క ఊడలేదు దీనికి. నువ్వు డ్రిల్లు పట్టుకుని మీద పడితే ఊరుకుంటాననుకున్నావా?” అన్నాడు కొడుకుతో.

బావ మొహం వాడిపోయింది. స్పీడు పెంచే విద్యలో సగం డ్రిల్లుతోనే మొదలవుతుంది మరి!

పైసా ఖర్చు లేని స్పీడు

ముందుగా ఉన్నది ఉన్నట్టుగా ఎంత పోతుందో చూడాలి. చెరువు గట్టున 30 మీటర్ల దూరంలో రెండు వెదురు కర్రలు పాతాం. పడవ మొదటి కర్ర దాటగానే స్టాప్‌వాచీ నొక్కటం, రెండోది దాటగానే ఆపటం. గాలి సాయం లెక్కలోకి రాకుండా అటూ ఇటూ రెండేసిసార్లు తోలి సగటు తీశాం. కొత్త బ్యాటరీ కట్టి వదిలితే 9 సెకన్లు పట్టింది. గంటకి 12 కిలోమీటర్లు. గట్టు మీద సైకిలు తొక్కుతున్న కుర్రాడు నవ్వుకుంటూ దాటిపోయాడు!

ఇక్కడే చాలామంది పరుగెత్తుకెళ్ళి పెద్ద మోటారు కొనేస్తారు. అది తొందరపాటని నా అభిప్రాయం. పాత పడవలో ఉన్న మోటారు బలమే సగం దారిలో దొంగలపాలవుతుంటుంది. ముందు ఆ దొంగల్ని పట్టుకోవాలి.

మొదటి దొంగ రాడ్డు. మోటారు నించి వెనక పంకా దాకా ఓ గొట్టంలో సన్నటి ఉక్కు రాడ్డు ఉంటుంది. ఆ గొట్టంలో కూరిన గ్రీజు ముప్ఫై ఏళ్ళకి మైనంలా గడ్డకట్టింది. కిరసనాయిలుతో కడిగి, రాడ్డుని అద్దం మీద దొర్లించి వంకర చూసి సరిచేసి, కొత్త గ్రీజు పెట్టాం. మోటారూ రాడ్డూ ఒకే గీతలో లేకపోతే జాయింటు దగ్గర బలమంతా వణుకుడికే సరిపోతుంది. మోటారు కింద పల్చటి రేకుముక్క పెట్టి ఎత్తు సరిచేశాం. ఇప్పుడు వేలితో తిప్పితే పంకా జారిపోతోంది.

రెండో దొంగ తీగలు. పైన రబ్బరు బాగానే ఉంది, లోపల రాగి మాత్రం నల్లగా మాడింది. ఆ రోజుల్లో స్పీడు తగ్గించటానికీ పెంచటానికీ ఓ సర్వో మోటారు చిన్న చెయ్యిని అటూ ఇటూ తిప్పేది. తక్కువ స్పీడుకి కరెంటుని ఓ రెసిస్టరు గుండా పంపించి, మిగిలినదాన్ని వేడిగా తగలేసేవాళ్ళు. ఆ పద్ధతి తీసేసి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టాం. లావు తీగలు, కనెక్టర్లు బావ హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఏరుకొచ్చాడు. సినిమాకెళ్ళి ఇంటర్వెల్లో వచ్చేసినవాడు కూడా ఆ గల్లీకెళ్తే సాయంత్రం దాకా బయటికి రాడు!

మూడోది బరువు. ముక్కులో ఇరికించిన స్పాంజి ఎప్పటి నీళ్ళో పీల్చుకుని రాయిలా ఉంది. తీసేసి థర్మోకోల్ పెట్టాం. ఈ థర్మోకోల్ సంగతి గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ కర్రల మధ్య తోలాం. 7.2 సెకన్లు! అంటే గంటకి 15. పాత మోటారే, పాత పంకాయే. మావయ్య మీసం కింద నవ్వు కనపడింది.

పంకాలో ఉంది కిటుకు

చెక్కలోకి మర దిగినట్టే పంకా నీళ్ళల్లోకి దిగుతుంది. ఒక్క చుట్టుకి ఎంత ముందుకి దిగాలో ఆ దూరాన్ని పిచ్ అంటారు. 40 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న పంకా నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే కాగితం మీద 480 మీటర్లు పోవాలి. గంటకి దాదాపు 29 కిలోమీటర్లు. నీళ్ళు చెక్క కాదు కాబట్టి జారుడు పోగా చేతికందేది 20.

పంకా సైజు పెంచితే సరిపోదా అంటారేమో. అక్కడే మోటార్లు కాలిపోయేది! చుట్లు అన్నే ఉంచి వ్యాసం నూటికి పది వంతులు పెంచారనుకోండి, మోటారు మీద భారం నూటికి అరవై దాకా పెరుగుతుంది. వోల్టేజీ పెంచినా ఇదే గొడవ. పాత రోజుల్లో ఆరు సెల్స్ ప్యాకుకి ఏడో సెల్ అతికించేవాళ్ళు. 7.2 వోల్టులు 8.4 అవుతుంది. చుట్లు ఆరోవంతు పెరుగుతాయి, దానికి కావల్సిన బలం మాత్రం సగానికి పైగా ఎక్కువ. ఆ తేడా అంతా కార్బన్ బ్రష్‌ల మీద పడుతుంది. చిటపటలు, ఆ తర్వాత కమురు వాసన!

అందుకని వ్యాసం ముట్టుకోకుండా, పిచ్ కాస్త ఎక్కువున్న రెండు రెక్కల ఇత్తడి పంకా తెప్పించాం. అంచులు పదునుపెట్టి, రెండు బ్లేడు ముక్కల మీద నిలబెట్టి ఏ రెక్క బరువుగా కిందికి వాలుతుందో చూసి అరగదీశాం. దీనికే ఒక పూట పట్టింది. విసుగు పుట్టించే పని. నాకైతే మధ్యలో నిద్రొచ్చింది.

ఆ తర్వాత పడవ అడుగు. స్పీడందుకున్న పడవ నీళ్ళని చీల్చుకుంటూ పోదు, నీటి మీదికెక్కి జారుతుంది. వెనక భాగంలో అడుగు నున్నగా, సరళరేఖలా ఉండాలి. చివర కిందికి ఒంగి ఉంటే ముక్కు నీళ్ళల్లోనే ఉండిపోతుంది. మా పడవ అటకమీద వేడికి కొద్దిగా అలాగే ఒంగింది. ఎమెరీ కాగితంతో అరగదీసి, వెనక అంచు గుండ్రంగా లేకుండా కత్తిలా చేశాం. గుండ్రంగా ఉంటే నీళ్ళు అంచుకి అంటుకుని వెనక్కి లాగుతాయి. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, ముక్కు ఎగిరెగిరి పడకుండా ఉండే చోటు వెతికాం.

నికెల్ ప్యాకు బదులు సగం బరువు కూడా లేని లిథియం పాలిమర్ బ్యాటరీ వేశాం. రెండు సెల్స్, 7.4 వోల్టులు. కుర్రాళ్ళూ, ఇదొక్కటి చెవిన వేసుకోండి. లిథియం బ్యాటరీని ఒక్కో సెల్ 3.2 వోల్టులకి దిగేలోపే ఆపెయ్యాలి. ఛార్జింగులో పెట్టి సినిమాకి వెళ్ళిపోకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు. అంటుకుంటే ఇల్లు అంటుకుంటుంది.

5.4 సెకన్లు! గంటకి 20. సైకిలు కుర్రాడు వెనకబడ్డాడు.

డ్రిల్లు లేకుండా ఎలా?

బావకి అది చాలలేదు. బ్రష్‌లెస్ మోటారు పెడదామన్నాడు. దాంట్లో అరిగే బ్రష్‌లుండవు, అదే సైజులో ఎన్నో రెట్లు బలం. దాన్ని చల్లబరచటానికి మోటారు చుట్టూ గొట్టం చుట్టి, పంకా వెనక చిమ్మే నీళ్ళని దాంట్లోకి పట్టటం మామూలు పద్ధతి. ఆ నీళ్ళు లోపలికి రావాలంటే పడవకి కన్నం పెట్టాలి. కన్నమంటే మావయ్య!

తండ్రీకొడుకులు రెండు రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరికి బావే దారి వెతికాడు. పాత మోటారు 540 సైజు, 36 మిల్లీమీటర్ల లావు. అదే సైజు బ్రష్‌లెస్ మోటార్లు అవే మర కన్నాలకి బిగుస్తాయి. నీళ్ళ గొట్టానికి బదులు అల్యూమినియం రెక్కల తొడుగు వేశాడు. మూడు నిమిషాలు తోలటం, పది నిమిషాలు ఆపటం. రిసీవరు కూడా మార్చాడు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో నీళ్ళల్లోకి చొరబడదు కాబట్టి దాని యాంటెన్నాని పాత 27 మెగాహెర్ట్జ్ తీగ బయటికొచ్చే కన్నంలోంచే పైకి తీశాడు. ఒక్క గీత కూడా పడలేదు. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని స్వయంగా తనిఖీ చేశాడు.

ఆ సాయంత్రం గట్టు మీద ఊళ్ళో పిల్లలంతా చేరారు. పడవ కూతపెట్టుకుంటూ దూసుకెళ్ళింది. 3.6 సెకన్లు! గంటకి 30! ఆ స్పీడులో పాత పడవ నిలకడగా ఉండలేక ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదికి ఊగుతోంది. తిరుగు ప్రయాణంలో చెరువు మధ్య తేలుతున్న గుర్రపుడెక్క దుబ్బు ఒకటి తగిలింది. పడవ గాల్లోకి లేచింది, పల్టీ కొట్టింది, బోర్లాపడింది. గట్టు మీద కిక్కురుమన్న శబ్దం లేదు.

మావయ్య ఏమీ అనలేదు. తువ్వాలు నడుముకి చుట్టి, తాటిదోనె విప్పి, ఆ వయసులో తనే గెడ వేసుకుంటూ వెళ్ళాడు. మూతకి వేసిన టేపు ఊడలేదు. థర్మోకోల్ పుణ్యమా అని పడవ బోర్లాపడే తేలుతోంది. తీసుకొచ్చి తిరగేస్తే ముక్కు దగ్గర అంగుళం మేర చీలిక.

బావ తలెత్తలేదు. “సారీ నాన్నా” అన్నాడు.

మావయ్య చీలికని బొటనవేలితో తడిమాడు. “లోపల్నించి గుడ్డముక్క పెట్టి ఎపాక్సీ పూస్తే అతుక్కుంటుందిలే. రేపు ముందు ఆ గుర్రపుడెక్క లాగించెయ్యాలి” అన్నాడు. కాసేపాగి, “మూడున్నరేనా, ఇంకా తగ్గుతుందా?” అని అడిగాడు!

ప్రస్తుతం పడవలో పాత మోటారే ఉంది. 5.4 సెకన్ల సరంజామా మావయ్య రోజువారీ వాడకానికి. బ్రష్‌లెస్‌ది బావ ఊరొచ్చినప్పుడే బిగించాలని ఒప్పందం. పాత స్పీడు కంట్రోలర్, 27 మెగాహెర్ట్జ్ రిసీవరు, ప్లాస్టిక్ పంకా, గడ్డకట్టిన స్పాంజితో సహా ఓ హార్లిక్స్ సీసాలో భద్రంగా ఉన్నాయి. అతుకు ఆరింది. ఊగుడు తగ్గటానికి వెనక రెండు చిన్న రేకులు పెట్టాలి. కన్నాలు వెయ్యకుండా జిగురుతో అంటించే పద్ధతి ఉందంటే, మావయ్య సరేనన్నాడు.