నాలుగు తీగల సంగతులు

పాట అదే. హెడ్‌ఫోన్సూ మంచివే. ముచ్చటపడి పాతిక వేలు పోసి కొన్నవి. ఫోన్‌కి తగిలిస్తే మాత్రం ఊపు లేదు. వాల్యూమ్ చివరికంటా పెంచినా, రెండు వీధుల అవతలి పెళ్లిపందిట్లోంచి వినిపిస్తున్నట్టే ఉంటుంది. తెలిసినవాణ్ని అడిగితే ‘దానికి యాంప్లిఫయర్ ఉండాలిరా’ అంటాడు. దుకాణానికి వెళితే ‘మామూలుది దేనికండీ, బ్యాలెన్స్‌డ్ తీసుకోండి’ అంటారు. ధర వినగానే నాన్నగారికి గుండె గుభేలుమంటుంది. పాటల పిచ్చి ఉన్న కుర్రాళ్ల ఇళ్లలో ఇప్పుడిదో పంచాయితీ!

తిరకాసంతా బ్యాలెన్స్‌డ్ అన్న మాటలోనే ఉంది. వినగానే ఏమనిపిస్తుంది? బేస్ ఎక్కువ కాకుండా, ట్రెబుల్ తక్కువ కాకుండా, సమతూకంగా వినిపిస్తుందేమో అనిపిస్తుంది. దానికీ దీనికీ సంబంధమే లేదు. ఇది తీగల లెక్క.

కరెంటు వెళ్లడానికో తీగ, తిరిగి రావడానికో తీగ. రెండు చెవులకీ కలిపితే నాలుగు. కానీ మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్నుని దగ్గరగా చూస్తే రెండు నల్లగీతలూ, వాటి మధ్య మూడు ముక్కలే కనిపిస్తాయి (మైకు ఉన్నవాటికి ఇంకోటి అదనం). ఎడమకొకటి, కుడికొకటి, తిరుగుదారి మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. బ్యాలెన్స్‌డ్‌లో ఉమ్మడి కాపురం ఉండదు. ఏ చెవి రెండు తీగలు ఆ చెవివే. ఆ రెండు తీగల వెనకా రెండు యాంప్లిఫయర్లుంటాయి. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు చూడండి. ఒక కొస ఇటు వస్తుంటే రెండోది అటు పోతుంది. అచ్చం అలాగే ఒక యాంప్లిఫయర్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. దాంతో 2 వోల్టులు అందే చోట 4 అందుతాయి. వోల్టేజీ రెట్టింపైతే పవర్ నాలుగింతలు. అదీ లెక్క ప్రకారమే. తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ తగిలిస్తే చాలా యాంప్లిఫయర్లు అంత కరెంటు ఇవ్వలేక ముందే చేతులెత్తేస్తాయి. పోనీ నాలుగింతలే వచ్చిందనుకున్నా చెవికి తెలిసేది 6 డెసిబెల్స్ తేడానే.

మరి గురగురలూ, హమ్మింగులూ పోతాయంటారే? అది మైకుల కథ. స్టూడియోలో మైకునుంచి వచ్చే సిగ్నల్ బహు బలహీనం. పదుల మీటర్ల కేబుల్‌లో ప్రయాణిస్తుంది. దారిలో చేరిన రొదని ఆ చివర తీసేయడానికి అక్కడ బ్యాలెన్స్‌డ్ తీగలు కావాల్సిందే. గ్రాహంబెల్ 1881లోనే మెలేసిన జంట తీగలకు పేటెంట్ తీసుకున్నది ఇలాంటి గొడవకే. రెండు మీటర్ల హెడ్‌ఫోన్ కేబుల్‌కి ఆ బెడద దాదాపు లేదు. ఉమ్మడి తీగవల్ల ఎడమ చెవి శబ్దం కుడివైపు కాస్త కలిసే మాట నిజమే. మంచి యాంప్లిఫయర్‌లో అది వినిపించనంత తక్కువ. అన్నట్టు, ‘మాయాబజార్’ నాటి ఘంటసాల పాటలు వినేవాళ్లకి ఆ కాస్త బెంగా అక్కర్లేదు. అవన్నీ మోనో రికార్డింగులు. రెండు చెవులకీ వచ్చేది ఒకటే!

ఎవరి ఆకలి ఎంత?

అసలు ప్రశ్న వేరే. ఏ హెడ్‌ఫోన్‌కి ఎంత కావాలి? పెట్టెమీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది చూపే ఎదురు. ఓమ్‌లలో చెబుతారు. రెండోది సెన్సిటివిటీ. ఒక్క మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం చేస్తుందో చెబుతుంది. చాలామంది మొదటి అంకె చూసి భయపడతారు, రెండోది వదిలేస్తారు. దెబ్బతినేది అక్కడే.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకోండి. 1997లో వచ్చి, పాతికేళ్లు దాటినా పేరు నిలబెట్టుకున్న మోడల్. 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 97 డెసిబెల్స్. పాటలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఎగసిపడే క్షణానికి 110 డెసిబెల్స్ కావాలనుకుంటే దీనికి సరిపోయేది 20 మిల్లీవాట్లే. వోల్టేజీ మాత్రం రెండున్నర దాకా కావాలి. ఒక వోల్టు ఇచ్చే ఫోన్ అడాప్టర్‌కి అది అందదు. బల్లమీద పెట్టుకునే మామూలు యాంప్లిఫయర్ ఏదైనా అలవోకగా ఇచ్చేస్తుంది. అంటే, 300 ఓమ్‌ల పేరు చెప్పి బ్యాలెన్స్‌డ్ అంటగడితే అది అనవసరపు ఖర్చే.

హైఫైమాన్ హెచ్‌ఈ-6 సంగతి పూర్తిగా వేరు. అయస్కాంతాల మధ్య పలచటి పొర కదిలే ప్లానార్ రకం. చూడ్డానికి 50 ఓమ్‌లే. సెన్సిటివిటీ మాత్రం 83.5. అదే 110 డెసిబెల్స్‌కి దీనికి సుమారు 450 మిల్లీవాట్లు పోయాలి. హెచ్‌డీ 600కన్నా ఇరవై రెండింతలు! ఓమ్‌లు తక్కువ కదా అని చిన్న యాంప్లిఫయర్ తెచ్చుకున్నవాడికి నీరసమైన పాటే మిగులుతుంది. బ్యాలెన్స్‌డ్ యాంప్లిఫయర్ పెట్టిన డబ్బుకి న్యాయం చేసేది ఇలాంటి తిండిపోతుల దగ్గరే.

ఇక చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు. 16 ఓమ్‌లు, 110 డెసిబెల్స్ రకానికి ఒక్క మిల్లీవాట్ చాలు. వోల్టులో ఎనిమిదో వంతు. దీన్ని పెద్ద బ్యాలెన్స్‌డ్ యాంప్లిఫయర్‌కి తగిలిస్తే చీమని చంపడానికి రోకలి ఎత్తినట్టే. నాబ్ కాస్త కదిపితే చాలు, చెవులు గింగురుమంటాయి. నాబ్ మరీ కిందుగా ఉంటే కొన్నింట్లో ఒక చెవి పెద్దగా, ఒకటి చిన్నగా వినిపిస్తుంది. పాట ఆగిన చోట ‘స్‌స్‌’ మంటూ యాంప్లిఫయర్ సొంత రొద. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదని ఒక వాడుక సూత్రం. 16 ఓమ్‌లకి 2 లోపే ఉండాలన్నమాట. బ్యాలెన్స్‌డ్‌లో రెండు యాంప్లిఫయర్లు కలుస్తాయి కాబట్టి ఈ అంకె కూడా రెట్టింపవుతుంది. కేటలాగులో రెండింటికీ విడివిడిగా రాశారో లేదో చూడాలి. మించితే ఏమవుతుంది? లోపల మూడు నాలుగు డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్ల స్వరూపమే మారిపోతుంది.

మారుపేరు మాంత్రికుడు

2011లో ఎన్‌డబ్ల్యూఏవీగయ్ అన్న మారుపేరుతో ఒకాయన ఆబ్జెక్టివ్2 అనే యాంప్లిఫయర్ డిజైన్‌ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. అందరూ ముద్దుగా ఓ2 అన్నారు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతోనూ పనిచేసే చిన్న పెట్టె. మామూలు మూడు తీగలదే. కొలతలన్నీ బయటపెట్టి, కావాలంటే మీరే చేసుకోండి, అమ్ముకోండి అన్నాడు. వేలల్లో డబ్బు పోసి యాంప్లిఫయర్లు కొన్నవాళ్లకి అదో షాక్. ఆ పెట్టెలు దేశదేశాల్లో తయారయ్యాయి. 2012లో ఆయన చెప్పాపెట్టకుండా మాయమైపోయాడు. మూడు తీగలతోనే చెవి తప్పు పట్టలేనంత శుభ్రమైన శబ్దం, తక్కువ ఖర్చులో సాధ్యమని మాత్రం చూపించి వెళ్లాడు.

ఇన్ని చెప్పాక కూడా బ్యాలెన్స్‌డే కొనాలనుకునేవాళ్లకి తప్పనిసరిగా తెలియాల్సిన ముచ్చటొకటుంది. కేబుల్ విడదీసి మార్చుకునే హెడ్‌ఫోన్స్ అయితేనే పని సులువు. కొత్త కేబుల్ చివర నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్ఆరో, 4.4 మిల్లీమీటర్లదో ఉంటుంది. సోనీ ఈ రెండోదాన్ని 2016లో తన ప్లేయర్లలో పెట్టాక బాగా వ్యాపించింది. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ని అడాప్టర్‌తో మామూలు సాకెట్‌లో పెట్టుకోవచ్చు. కానీ మామూలు హెడ్‌ఫోన్స్‌ని అడాప్టర్ వేసి బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో పెట్టారో, విడిగా ఉండాల్సిన రెండు తీగలు కలిసిపోయి షార్టవుతాయి. యాంప్లిఫయర్ కాలిపోయినా పోవచ్చు.

పవర్ పెరిగేకొద్దీ అసలు జాగ్రత్త చెవుల విషయంలో. పెద్దలైతే 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు, పిల్లలైతే అదే 40 గంటలు 75 వద్దే వినాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి తగ్గుతుంది. 83 అయితే 20 గంటలే. పైన చెప్పిన 110 పాట ఎగసే క్షణానికి ఉండాల్సిన వెసులుబాటు మాత్రమే, గంటల తరబడి వినే వాల్యూమ్ కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే విన్న ప్రతిసారీ నాబ్‌ని సున్నాకి తిప్పి లేవడం మేలు.

కొనేముందు సొంత హెడ్‌ఫోన్స్‌ని దుకాణానికి పట్టుకెళ్లాలి. రెండు సాకెట్లూ ఉన్న యాంప్లిఫయర్ అడిగి, హెడ్‌ఫోన్స్‌కి తగిన కేబుళ్లు ఉంటే రెండింట్లోనూ వినాలి. బ్యాలెన్స్‌డ్ వైపు శబ్దం పెద్దగా వస్తుంది కాబట్టి అదే బాగుందనిపిస్తుంది. అందుకే నాబ్ తగ్గించి రెండూ సమానంగా వినిపించేలా చేసుకున్నాకే పోల్చాలి. అప్పుడూ తేడా తెలియకపోతే మామూలుది బిల్లు వేయించుకోవచ్చు.